మా అన్న మౌతార్గాను

మీలో ఎవరి దగ్గరైనా మౌతార్గాను ఉంటే, ముందు వెళ్ళి దాన్ని తెచ్చుకోండి. లేనివాళ్ళు ఒక స్కేలుబద్ద తెచ్చుకుంటే చాలు, దానితో కూడా పని ఉన్నది. ఆకురాయి మాత్రం తేవద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా ఊరు వేల్పూరు. నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు దగ్గర ఉన్నది. పసుపు పండే ఊరు. చలికాలం వెళ్ళిపోయే రోజుల్లో పసుపు తవ్వి, ఉడకబెట్టి, కళ్ళాల్లో ఆరబోస్తే ఊరంతా ఒకటే వాసన. మాకూ కొద్దిగా పసుపు చేను ఉండేది, కాని అది ఇంటిల్లిపాదికీ చాలేది కాదు. అందుకని మా అన్న చెరకు గానుగాడే నెలల్లో బోధన్ వెళ్ళి, శక్కర్‌నగర్‌లో ఉన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీలో కూలికి కుదిరేవాడు. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతబడింది. నేను చెప్పేది దాని ముందర చెరకు బండ్లు బారులు తీరి నిలబడే కాలం సంగతి.

1979లో సీజను అయిపోయి ఇంటికి వస్తూ, అన్న నిజామాబాదు బజారులో మౌతార్గాను ఒకటి కొన్నాడు. అమ్మకు చీర, బాపుకు కండువా, నాకు పలక తెచ్చి, చివరికి జేబులోంచి దాన్ని తీశాడు. "గిదెందుకురా, తిండి పెడుతదా?" అన్నాడు బాపు. అన్న జవాబు చెప్పకుండా దాన్ని నోటికి ఆనించి, బతుకమ్మ నాడు అమ్మ పాడే పాటను మెల్లగా వాయించాడు. బాపు మరి మాట్లాడలేదు.

1981లో అన్న దుబాయికి వెళ్ళాడు. మా వైపునుంచి గల్ఫు దేశాలకు పోవటం అప్పటికే మొదలైంది. బస్సు ఎక్కేముందు మౌతార్గాను నా చేతిలో పెట్టి, "అక్కడ ఇసుక పోతదట. నేనొచ్చేదాక నువ్వు పైలంగ ఉంచు తమ్మీ" అన్నాడు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు.

సరే, ఆ మౌతార్గాను ఎలాంటిదో చెప్పాలి. దానికి పది రంధ్రాలు. ఒక్కొక్క రంధ్రంలో రెండేసి ఇత్తడి నాలుకలు, అంటే రీడ్లు ఉంటాయి. ఊదినప్పుడు ఒకటి మోగుతుంది, గాలి లోపలికి పీల్చినప్పుడు రెండోది మోగుతుంది. మొత్తం ఇరవై రీడ్లు. కాని ఇరవై స్వరాలు వరసగా ఉంటాయనుకోకండి. అన్నది ఒకటో శ్రుతి మౌతార్గాను. దాని మధ్యభాగంలో నాలుగో రంధ్రం ఊదితే స, పీలిస్తే రి. ఐదోది ఊదితే గ, పీలిస్తే మ. ఆరోది ఊదితే ప, పీలిస్తే ద. ఏడో రంధ్రం దగ్గర కొంచెం తిరకాసు ఉన్నది. అక్కడ ముందు పీలిస్తే ని, తరవాత ఊదితే పై స వస్తాయి. ఇంతవరకూ బాగానే ఉన్నది. తీరా కింది స్థాయికి వచ్చేసరికి మ లేదు, ద లేదు! పై స్థాయిలో ని లేదు!

ఇది చేసినవాడి మతిమరుపు కాదు. ఈ వరసను రిక్టర్ వరస అంటారు. జర్మనీలో ట్రోసింగెన్ అనే ఊళ్ళో మతియాస్ హోనర్ అనే గడియారాల పనివాడు 1857లో మౌతార్గానులు చేయటం మొదలుపెట్టాడు. తరవాత అవి ప్రపంచమంతా పాకిపోయాయి. ఆ దేశాల పాటల్లో రెండుమూడు స్వరాలు ఒకేసారి కలిసి మోగాలి. అందుకని కింది రంధ్రాల్లో ఊదితే స-గ-ప, పీలిస్తే ప-ని-రి కలిసి వచ్చేటట్టు రీడ్లు అమర్చారు. ఆ సుఖంకోసం మనకు కావలసిన మ, ద అక్కడినుంచి తీసేశారన్నమాట. ఎవరి పాటకు తగ్గట్టు వాళ్ళు వాద్యం చేసుకుంటారు. వేల్పూరులో ఒక పిల్లవాడికి ఏం కావాలో ట్రోసింగెన్‌లో ఎవరికి తెలుస్తుంది?

నాకేం కావలసి వచ్చిందంటే: మా తెలుగు సారు సాయంత్రంపూట ఇంట్లో హార్మోనియం ముందు పెట్టుకుని ఐదారుగురు పిల్లలకు సరళీ స్వరాలు చెప్పేవారు. ఒకరోజు నేను కూడా మౌతార్గాను పట్టుకుని వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళు "స రి" అనగానే నేనూ "స రి" అని వాయించాను. పిల్లి తోక తొక్కినట్టు వినిపించింది! పిల్లలంతా ఘొల్లున నవ్వారు. గ, మ, ప బాగానే కలిశాయి. ద దగ్గర మళ్ళీ అదే గోల. సారు మాత్రం నవ్వలేదు. "నీది శంకరాభరణం, మాది మాయామాళవగౌళ. నీ రి, ద పెద్దవి. మాకు చిన్నవి కావాలె" అన్నారు.

కింది స నుంచి పై స వరకు హార్మోనియం మీద పన్నెండు మెట్లు. స పక్కనే ఉన్న మెట్టు చిన్న రి. దాని తరవాతి మెట్టు పెద్ద రి. ద కూడా అంతే. మాయామాళవగౌళలో రి, ద చిన్నవి. కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్ళకు మొదటి పాఠాలన్నీ అందులోనే మొదలవుతాయి. అంటే ఆ మౌతార్గాను మీద మొదటి పాఠమే వాయించలేము!

ఇక్కడ ఒక తమాషా ఉన్నది. ఆ స్వరాలతోనే, స నుంచి కాకుండా రి నుంచి మొదలుపెట్టి, ఆ రి నే స అనుకుని ఎక్కండి. ఖరహరప్రియ వస్తుంది. గ నుంచి ఎక్కితే తోడి, మ నుంచి కల్యాణి, ప నుంచి హరికాంభోజి, ద నుంచి నఠభైరవి. ఒక్క రీడును ముట్టుకోకుండా ఆరు రాగాలు! దీన్ని సంగీతంలో గ్రహభేదం అంటారు. మోహనం కావాలంటే మరీ సులువు, మ, ని వదిలేస్తే సరి. కాని ఎక్కడినుంచి ఎక్కినా మాయామాళవగౌళ మాత్రం రాదు. కారణం లెక్క వేసి చూడవచ్చు. శంకరాభరణంలో పక్కపక్క స్వరాల మధ్య ఒక మెట్టు, లేదా రెండు మెట్లు దూరం. అంతకు మించి లేదు. మాయామాళవగౌళలో చిన్న రి నుంచి గ కు మూడు మెట్ల గంతు. లేని గంతును ఎక్కడినుంచి తెస్తారు?

కనక రీడును మార్చాలి. అది ఎలాగో నేను చూసే నేర్చుకున్నాను. ఎండాకాలంలో మా ఊరికి చిందు భాగవతులు వచ్చేవారు. మా ఆర్మూరు వైపు చిందు యక్షగానానికి పెట్టింది పేరు. 2005లో కాలం చేసిన చిందుల ఎల్లమ్మగారి పేరు మీ పెద్దవాళ్ళు విని ఉంటారు. మా ఊరికి వచ్చిన మేళంలో హార్మోనియం వాయించే ముసలాయన ఒకడు ఉండేవాడు. రాత్రంతా ఆట. తెల్లవారినాక ఆయన వేపచెట్టుకింద కూర్చుని, హార్మోనియం పలక విప్పి, తప్పిన రీడు కింద బ్లేడు ముక్క దోపి, ఇంకో బ్లేడుతో దాన్ని సుతారంగా గీకేవాడు. ఒకసారి గీకటం, తిత్తి లాగి వినటం, మళ్ళీ గీకటం. కొన గీకితే స్వరం పైకి ఎక్కుతుంది. మొదలు గీకితే, అంటే రీడును పలకకు బిగించిన చీల దగ్గర గీకితే, కిందికి దిగుతుంది. నేను ఇంతవరకు చూసి, అంతా వచ్చేసిందనుకుని లేచి వచ్చాను. ఆయనను ఒక్క మాట అడగలేదు.

అది ఎందుకు అలా జరుగుతుందో ఇప్పుడు స్కేలుబద్దతో చూడండి. దాన్ని బల్ల అంచున పెట్టి, సగం బయటికి ఉంచి, బల్లమీద ఉన్న సగాన్ని గట్టిగా అదిమి, కొనను మీటండి. బర్రుమని ఊగుతుంది. ఇప్పుడు కొనకు తడిమట్టి ముద్ద అంటించి మీటండి. బరువు మోయలేక మెల్లగా ఊగుతుంది. రీడు కొన గీకితే బరువు తగ్గి వడిగా ఊగుతుంది, స్వరం పెరుగుతుంది. మొదలు గీకితే అక్కడ బిగువు తగ్గి మెత్తబడుతుంది, ఊగటం నెమ్మదిస్తుంది, స్వరం తగ్గుతుంది. అన్న మౌతార్గానులో పెద్ద ద సెకనుకు 880 సార్లు ఊగేది. చిన్న ద కావాలంటే 831 సార్లు ఊగాలి. పెద్ద రి 587, చిన్న రి 554. ఈ అంకెలు నాకు అప్పుడు తెలియవు. తెలిస్తే భయపడి ఊరుకునేవాణ్ణి కాబోలు.

1982 ఎండాకాలంలో, బాపు చేనుకు పోయినవేళ చూసి, పక్కలనున్న చిన్న మేకులు ఊడదీసి పైరేకులు విప్పాను. నా అదృష్టమో దురదృష్టమో గాని, పీల్చే రీడ్లు రేకు తీయగానే పైకే కనిపిస్తాయి. ఊదే రీడ్లు లోపల ఉంటాయి. నాకు కావలసిన రి, ద రెండూ పీల్చేవే! కంసాలి కొడుకు నా దోస్తు. వాడి దగ్గర సన్నని ఆకురాయి తెచ్చాను. గీకాను, విన్నాను, గీకాను. మూడు రోజులు పట్టింది. చివరికి సారు హార్మోనియంతో కలిపి చూసుకున్నాను. రెండు స్వరాలు దాదాపు ఒకటే అయి కాస్త తేడా ఉన్నప్పుడు "వ్వా వ్వా వ్వా" అని అలలు వినిపిస్తాయి. హార్మోనియం 554, మనది 557 అయితే సెకనుకు మూడు అలలు. అలలు నెమ్మదిస్తున్నాయంటే దగ్గరికి వస్తున్నామన్నమాట. అవి పూర్తిగా ఆగిపోయిన క్షణాన నాకు ఒళ్ళు పులకరించింది. మర్నాడు పిల్లలతోపాటు సరళీ స్వరాలన్నీ వాయించాను. ఎవరూ నవ్వలేదు. సారు నా వీపు తట్టి, "ఎట్ల చేసినవ్ రా?" అన్నారు. ఆ నాలుగు నెలలూ నా అంతటివాడు లేడు.

భాద్రపదంలో అన్న ఉత్తరం వచ్చింది. బతుకమ్మ దగ్గరికి వస్తున్నది, అమ్మ పాట వినాలని ఉన్నది, ఆమె పాడుతుంటే నువ్వు నా మౌతార్గాను వాయించి కేసెట్టులో పట్టి పంపు తమ్మీ, అని. గల్ఫునుంచి వచ్చిన పక్కింటాయన దగ్గర టేపు రికార్డరు ఉన్నది. తిరిగి పోయేటప్పుడు కేసెట్టు తానే తీసుకుపోతానన్నాడు. అమ్మ చదువుకోలేదు. మాకందరికీ వారంపాటు అదే పని. నాకు మాత్రం గుండె జారిపోయింది. అమ్మ పాటలో పెద్ద రి ఉన్నది. పెద్ద ద ఉన్నది. మౌతార్గానులో అవి లేవు.

ఏముంది, కొన గీకితే పైకి ఎక్కుతుందిగా, అనుకున్నాను. రాత్రి దీపం దగ్గర కూర్చుని మొదలుపెట్టాను. రి కొంచెం మొండికేసినా దారికి వచ్చింది. ద కూడా ఎక్కింది. సంతోషం పట్టలేక గట్టిగా పీల్చాను. "టిక్" మన్నది. ఆ రంధ్రంలోంచి మరి గాలి తప్ప ఏమీ రాలేదు. రేకు విప్పి చూస్తే రీడు మొదట్లోకి విరిగి పడి ఉన్నది. ఎండాకాలంలో దాని మొదలు గీకినప్పుడు పొడుగునా గీకకుండా అడ్డంగా గీకాను. ఆ గీత ఒక గాటు అయి కూర్చున్నది. సెకనుకు ఎనిమిది వందల సార్లు వంగే రీడు ఆ గాటు దగ్గరే విరిగింది. ముసలాయన ఎప్పుడూ పొడుగునా గీకేవాడు. నేను చూశాను. చూసి కూడా గమనించలేదు.

ఎవరికీ చెప్పలేదు. కేసెట్టు పట్టే రోజు అమ్మ టేపు రికార్డరు ముందు కొత్త పెళ్ళికూతురులా తల వంచుకు కూర్చుని పాడింది. నేను వెనక వాయించాను. ద వచ్చినచోటల్లా నేను ఆగేవాణ్ణి. అక్కడ అమ్మ గొంతు ఒక్కటే వినిపించేది. ఆగినందుకు ఆమె ఒకటి రెండుసార్లు నావైపు చూసింది, కాని పాట ఆపలేదు.

నెల తరవాత అన్న ఉత్తరం రాశాడు. గదిలో ఉన్నవాళ్ళంతా కేసెట్టు విన్నారట. "నువ్వు నడుమనడుమ ఆపి అమ్మను ఒక్కదాన్నే పాడనిచ్చినవ్. అది చానా మంచిగున్నది. ఎవరు నేర్పిండ్రు?" అని అడిగాడు. దానికి నేను జవాబు రాయలేదు.

మరుసటి ఎండాకాలం భాగవతుల మేళం వచ్చినప్పుడు ముసలాయన దగ్గరికి వెళ్ళి, విరిగిన రీడు ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని కంటి దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. "కిందికి దించటానికి గీకుడెందుకు బిడ్డా? కొనకు ఇంత మైనం అంటిస్తే దిగకపోవునా? వద్దనుకుంటే గోటితోని తీసేద్దువు. తీసిన ఇత్తడి మళ్ళ అంటుతదా?" అన్నాడు. మీ స్కేలుబద్ద కొనకు అంటించిన మట్టిముద్ద జ్ఞాపకం ఉన్నదా? ఆయన చెప్పింది అదే. చైనాలో షెంగ్ అని ఒక వాద్యం ఉన్నది. వెదురుగొట్టాల్లో రీడ్లు పెట్టి నోటితో ఊదుతారు. మౌతార్గానుకూ హార్మోనియానికీ అది ముత్తాత అనవచ్చు. దాని రీడ్లను వేల ఏళ్ళుగా కొనమీద మైనం చుక్క పెట్టే శ్రుతి చేస్తున్నారు. మౌతార్గాను రీడు చాలా చిన్నది కనక, నోటి వేడికి మైనం జారిపోతుంది. అందుచేత ఈ రోజుల్లో కొందరు జిగురుముద్దగాని, రవ్వంత టంకంగాని పెడతారు.

నాలాగా మౌతార్గాను విప్పేవాళ్ళు లోకంలో తక్కువేమీ కాదని పెద్దయినాక తెలిసింది. డెన్మార్కులో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న లీ ఆస్కర్ అనే వాద్యకారుడు 1983లో, అనగా నేను ముసలాయన ముందు తల వంచుకు నిలబడిన ఏడే, రకరకాల వరసల్లో రీడ్లు బిగించిన మౌతార్గానులు అమ్మే కంపెనీ పెట్టాడు. వాటిలో రీడ్లున్న పలక పాడైతే ఆ పలక ఒక్కటే మార్చుకోవచ్చు. ఐదో రంధ్రంలో పీల్చే మ ను ఒక మెట్టు పెంచితే దాన్ని అమెరికావాళ్ళు 'కంట్రీ' వరస అంటారు. మన లెక్కలో అది కల్యాణి! న్యూజిలాండుకు చెందిన బ్రెండన్ పవర్ అనే ఆయన, మూడో రంధ్రంలో ఊదే ప ను రెండు మెట్లు పెంచి ద చేశాడు. కింది స్థాయిలో లేకుండా పోయిన ద అలా తిరిగి వచ్చింది. ఐర్లండు పాటలకు అది చాలా బాగుంటుంది. మూడో రంధ్రంలో పీల్చేదెలాగూ ని కనక, ఆ రంధ్రంలో ద, ని రెండూ పక్కపక్కన దొరుకుతాయి. పీల్చే ప రెండో రంధ్రంలో ఉండనే ఉన్నది కనక నష్టమేమీ లేదు. ఇంత చిన్న సంగతి తట్టటానికి ఎన్నేళ్ళు పట్టిందో చూడండి.

అన్న 1984లో సెలవు మీద వచ్చాడు. స్నానం, భోజనం అయినాక మంచంమీద కూర్చుని, "ఏదిరా, తే" అన్నాడు. తెచ్చి ఇచ్చాను. అమ్మ పాట ఎత్తుకున్నాడు. ఆరో రంధ్రం దగ్గరకు రాగానే ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ పీల్చాడు. మళ్ళీ గాలే. మౌతార్గాను తిప్పి వెలుగులో చూసి, నావైపు చూశాడు. నేను మొదటినుంచి చివరిదాకా చెప్పేశాను. సారు, మాయామాళవగౌళ, కంసాలి ఆకురాయి, కేసెట్టు, ఏదీ దాచలేదు.

అన్న కొంతసేపు ఏమీ అనలేదు. తరవాత దాన్ని నోటికి ఆనించి, నాలుగో రంధ్రం పీల్చాడు. పెద్ద రి పలికింది. పీలుస్తూనే దవడ కొంచెం కిందికి దించి, నాలుకను వెనక్కు లాగాడు. నేను చూస్తూ ఉండగానే ఆ స్వరం జారి జారి కిందికి దిగి, సరిగ్గా చిన్న రి దగ్గర నిలబడింది!

"నీకు కావలసిన రి ఇదేనా?" అన్నాడు.

నాకు నోటమాట రాలేదు. ఒకే రంధ్రంలో ఉన్న రెండు రీడ్లు నోటిలోని గాలితో ముడిపడి ఉంటాయి. నోటిలోపలి ఆకారం మారితే పీల్చే స్వరం, ఊదే స్వరం వైపు కొంచెం వంగుతుంది. నాలుగో రంధ్రంలో పీల్చే రి వంగితే చిన్న రి, ఆరో రంధ్రంలో పీల్చే ద వంగితే చిన్న ద. రెండూ మొదటినుంచీ అందులోనే ఉన్నాయి. అమెరికాలో నల్లజాతి వాద్యకారులు తమ బ్లూస్ పాటల్లో ఈ వంపునే గొప్ప విద్య చేశారు. అన్నకు ఆ సంగతులేమీ తెలియవు. శక్కర్‌నగర్‌లో రాత్రి డ్యూటీ అయినాక వాయిస్తుంటే ఒకనాడు దానంతటదే వచ్చిందట. ఒంటి రీడు మౌతార్గానులోనే ఇది సాగుతుంది. ఒక్కొక్క స్వరానికి రెండేసి రీడ్లు ఉండి, అల అల గా మోగే రకంలో రాదు. మీది ఏ రకమో చూసుకోండి.

రెండు నెలలుండి అన్న తిరుగు ప్రయాణమయ్యాడు. పెట్టె సర్దుతుంటే నేను మౌతార్గాను తుడిచి తెచ్చి బట్టలమీద పెట్టాను. అన్న దాన్ని తీసి నా చేతికి ఇచ్చాడు.

"నువ్వే ఉంచుకో తమ్మీ" అన్నాడు. "కాని రి ఇంకా జర తక్కువున్నది."